వాకిలంత రేస్ ట్రాక్!

రిమోట్ మీట నొక్కితే రయ్యిమంటూ దూసుకెళ్లే బుల్లి కారు కొనివ్వడం తేలికే. అది పరుగెత్తడానికి చోటు చూపించడమే కష్టం. ఇంటి వెనక పెరడు ఉన్నవాళ్లు మట్టి పోసి, మలుపులు తిప్పి, ఏకంగా ఓ ట్రాకే కట్టేసుకుంటారు. మరి పెరడన్నదే లేని పాతబస్తీలో? మొఘల్‌పురా లాంటి చోట ఆ ట్రాక్ ఇంటి నడిమి వాకిట్లోనే పుట్టాలి. సాయంత్రం పరుచుకోవాలి, చీకటిపడేసరికి చుట్టి పక్కన పెట్టేయాలి!

చార్మినార్ దగ్గర్నుంచి శాలిబండ వైపు నడుస్తుంటే కుడిచేతి పక్కన మక్కా మసీదు, ఆ వెనక ఖిల్వత్, చౌమహల్లా ప్యాలెస్ వస్తాయి. ఎడమచేతి పక్క సందుల్లోకి తిరిగితే మొఘల్‌పురా. ఉర్దూ ఘర్, అగ్నిమాపక కేంద్రం, క్రీడా ప్రాంగణం... ఇవన్నీ ఈ పేటకు గుర్తులు. గల్లీలోకి అడుగుపెడితే మాత్రం గుర్తులతో పనిలేదు. ఎదురొచ్చే ఆటోకు దారివ్వడానికి గోడకు అతుక్కుని నిలబడాల్సిందే. ఆటో వెళ్లిందనుకునేలోగా రెండు మోటార్‌సైకిళ్లు, వాటి వెనకే కూరగాయల బండి!

ఇంత ఇరుకులోనూ పిల్లల ఆటలు ఆగవు. గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీస్తే వికెట్లు. రంజాన్ నెల వచ్చిందంటే రాత్రిళ్లు లైట్ల వెలుగులో క్రికెట్. సంక్రాంతికి మిద్దెలన్నీ పతంగులవే. కానీ పుట్టినరోజుకి మామూ తెచ్చిచ్చిన రిమోట్ కారుకు మాత్రం ఇక్కడ దిక్కులేదు. గల్లీలో వదిలితే ఆటో చక్రం కిందికి పోతుంది. గదిలో నడిపితే రెండు గజాలకే మంచంకోడు తగులుతుంది. నాలుగు రోజులు అటూ ఇటూ తిప్పి, అయిదో రోజు బీరువా మీద పెట్టేస్తారు. పిల్లాడి చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చేస్తుంది.

ఇల్లు లోపలికి చూస్తుంది!

పాతబస్తీలో పాత ఇళ్ల తీరే వేరు. బయటినుంచి ఎత్తయిన గోడ, చిన్న తలుపు, గుమ్మానికి వేలాడే పరదా... అంతే కనిపిస్తాయి. లోపలికి వెళ్తే ఆకాశం కనిపించే వాకిలి. ఉర్దూలో దాన్ని సెహన్ అంటారు. ఒక పక్కన కమానుల వరండా... అది దాలాన్. దాన్ని ఆనుకుని గదులు. మన మండువా లోగిలి గుర్తొస్తుంది కదూ! గాలీ వెలుతురూ ఇంటికి అక్కణ్నుంచే అందుతాయి. బట్టలు ఆరేది అక్కడే. పెళ్లయితే వంట డేగిశాలు పొయ్యెక్కేదీ అక్కడే. వేసవి రాత్రి నవారు మంచాలు వాల్చుకునేదీ అక్కడే.

అయితే తరం మారినప్పుడల్లా ఆ వాకిలి కొంచెం కొంచెం చిక్కిపోతుంది. అన్నదమ్ములు వాటాలు వేసుకుంటే మధ్యలో గోడ లేస్తుంది. కొత్త కోడలొస్తే ఓ గది పెరుగుతుంది. మిగిలిన జాగాలో మోటార్‌సైకిల్ నిలుస్తుంది. పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు వేస్తే వాకిలన్నదే ఉండదు. అందుకే ఇక్కడ రేస్ ట్రాక్ గురించి మాట్లాడటమంటే ఇంట్లో మిగిలిన ఆ కాస్త ఖాళీ గురించి మాట్లాడటమే.

కార్లు కొత్తేం కాదు

కార్ల ముచ్చట్లు ఈ చుట్టుపక్కలవాళ్లకు బాగా అలవాటు. కాలినడక దూరంలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కొలువుదీరి ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారది. తయారై వచ్చేసరికి ఆయన లేరు. 1911లోనే కన్నుమూశారు. లోపల సింహాసనం లాంటి ఆసనం ఉండటంతో దాన్ని థ్రోన్ కారు అంటారు. అంత కారూ తిరిగింది మాత్రం చాలా తక్కువ!

బహదూర్‌పురా వైపు వెళ్తే సుధా కార్స్ మ్యూజియం. కె.సుధాకర్ 2010లో తెరిచిన ఈ ప్రదర్శనశాలలో క్రికెట్ బ్యాటు, బంతి, బూటు లాంటి ఆకారాల్లో చేసిన కార్లు కనిపిస్తాయి. ఆయన తయారుచేసిన 12.67 మీటర్ల ఎత్తు మూడు చక్రాల సైకిలు 2005లో గిన్నిస్ రికార్డు సాధించింది. పాత సామాను, వెల్డింగ్ మిషను ఉంటే ఏమేం చేయొచ్చో చూపించిన చోటది.

ఇక నగరం మొత్తం రేసు చూసింది 2023 ఫిబ్రవరి 11న. హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పోటీ జరిగింది. సుమారు 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సిన పోటీ రద్దయింది. రోడ్లు మళ్లీ మామూలు రోడ్లయిపోయాయి. రోజూ బండ్లు తిరిగే దారినే కొద్దిరోజులు ట్రాక్‌గా మార్చి, ఆ తర్వాత తీసేయడం... ఈ కిటుకొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మొఘల్‌పురా వాకిట్లో చేయాల్సిందీ అదే.

ముందు కారు కొలత

దూరం నుంచి వాహనాన్ని నడిపించడం ఇప్పటి విద్య కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్‌లో రేడియో సంకేతాలతో బుల్లి పడవను నడిపి చూపించాడు. జపాన్ కంపెనీ తమియా తన మొదటి రేడియో కంట్రోల్ కారును, పోర్షే 934 నమూనాను, 1976లో తెచ్చింది. అప్పట్నుంచీ ఇది పిల్లలతోపాటు పెద్దల సరదా కూడా అయింది. మన దేశంలో ఐఐటీల టెక్ ఫెస్టుల్లో విద్యార్థులు ఇలాంటి కార్లతో పోటీపడుతుంటారు.

ఈ కార్లన్నీ నిష్పత్తి లెక్కలో ఉంటాయి. 1:10 అంటే అసలు కారులో పదో వంతు. మూర పొడవు, జానెడు వెడల్పు. దానికి ఆటస్థలమే కావాలి. వాకిలికి సరిపోయేది 1:28. పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 7 సెంటీమీటర్ల చిల్లర. అరచేతిలో ఇమిడిపోతుంది. జపాన్‌కే చెందిన క్యోషో 1999లో మినీ-జెడ్ పేరుతో ఈ సైజును జనానికి దగ్గర చేసింది. ఇప్పుడు చైనా కంపెనీల కార్లూ దొరుకుతున్నాయి. చిన్నదని తీసిపారేయొద్దు. ఇది గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, అసలు కారు లెక్కలో 560 కిలోమీటర్ల వేగమన్నమాట!

ఇప్పుడు వాకిలి కొలుద్దాం. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉందనుకోండి. నీళ్ల బిందెతో అటూ ఇటూ తిరిగేవాళ్లకు ఒక పొడుగు పక్కన 3 అడుగులు వదిలేయాలి. ఇది తప్పనిసరి. మిగిలింది 30, 12. దారి వెడల్పు కారుకు ఏడెనిమిది రెట్లు ఉంటే రెండు కార్లు పక్కపక్కన పోగలవు, ఒకటి రెండోదాన్ని దాటగలదు. అంటే 2 అడుగులు. ఆ లెక్కన అటూ ఇటూ మడతలు పెడితే సుమారు 40 మీటర్ల ట్రాక్ వస్తుంది. హుస్సేన్‌సాగర్ ట్రాక్‌ను 28వ వంతుకు కుదిస్తే 100 మీటర్లు. మనది అందులో అయిదింట రెండు వంతులు. ఓ ఇంటి వాకిలికి ఏం తక్కువ?

మెలికల ముగ్గే ప్లాను

ట్రాక్ గీయడానికి ఇంజినీరు అక్కర్లేదు. హరిబౌలి వైపు తెలుగిళ్ల ముందు పొద్దున్నే వేసే మెలికల ముగ్గు చూస్తే చాలు. చుక్కలు పెట్టి, వాటిని చుట్టుకుంటూ మెలికలు తిప్పుతూ, మొదలైన చోటికే వచ్చి కలిసే గీత. రేస్ ట్రాకూ అంతే. మొదలూ చివరా ఒక్కటే. కాకపోతే ముగ్గులో గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి, ట్రాక్‌లో దాటకూడదు. దాటితే ఢీ!

సుద్దముక్కతో ముందు చుక్కలు పెట్టుకోవాలి. ప్రతి చుక్కా ఓ మలుపు లోపలి అంచు. కారు ఆ చుక్కను దాదాపు తాకుతూ తిరగాలి. మలుపులోకి బయటి అంచునుంచి రావడం, మధ్యలో చుక్కను రాసుకుంటూ తిరగడం, మళ్లీ బయటి అంచుకు జారడం... పెద్ద రేసుల్లో డ్రైవర్లు చేసేది ఇదే. చుక్క ఎక్కడ పెట్టామన్నదాన్నిబట్టే ఆట రక్తికట్టేదీ కట్టనిదీ తేలిపోతుంది.

కొన్ని సూత్రాలున్నాయి. పొడుగు పక్కన ఒక్కటైనా తిన్నటి దారి ఉండాలి. వేగం రుచి తెలిసేది అక్కడే. దాని చివర గట్టి మలుపు ఉండాలి. ఎక్కడ వేగం తగ్గించాలో తెలిసినవాడే గెలవాలి కదా! అన్నీ ఒకే వైపు తిరిగితే పిల్లలకు రెండ్రోజుల్లో విసుగొస్తుంది. అందుకని కుడి మలుపులూ ఎడమ మలుపులూ కలపాలి. ఒకటి విశాలంగా, ఒకటి గుండుసూది తలంత మొండిగా, ఒకచోట పాము నడకలా రెండు మూడు వంపులు. ఎదురెదురుగా వచ్చే దారుల మధ్య అడ్డు తప్పకుండా ఉండాలి.

గీసిన వెంటనే ఖర్చుపెట్టేయొద్దు. రెండు సాయంత్రాలు సుద్దగీతల మీదే నడిపి చూడాలి. అందరూ ఒకే మలుపు దగ్గర గీత దాటుతుంటే తప్పు నడిపేవాళ్లది కాదు, మలుపుది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీయాలి. సుద్దముక్కకు అయ్యే ఖర్చెంత!

షాబాద్ బండలతో చిక్కు

హైదరాబాద్ పాత వాకిళ్లలో ఎక్కువగా షాబాద్ బండలే కనిపిస్తాయి. కాళ్లకు చల్లగా ఉంటాయి, ఏళ్లతరబడి మన్నుతాయి. బుల్లి కారుకు మాత్రం వాటి అతుకులతో పేచీ. ఈ కార్ల అడుగుభాగం నేలకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. బండకూ బండకూ మధ్య కాస్త ఎచ్చుతగ్గులున్నా ఎగిరిపడుతుంది.

దీనికి పిల్లల గదుల్లో పరిచే ఫోమ్ పలకలు మంచి మందు. ఒకదాని అంచు ఒకదానిలో ఇరుక్కుని అతుక్కుపోతాయి. ప్రపంచమంతా ఈ చిన్న కార్ల ట్రాకులకు ఇలాంటివే వాడతారు. 2 అడుగుల పలక తీసుకుంటే అదే దారి వెడల్పు. కొలతల గొడవే లేదు. దారి మేరకే పరిస్తే అరవై డెబ్భై పలకలు సరిపోతాయి. అంత ఖర్చెందుకనుకుంటే పొట్టి నేత సత్రంజీని బిగుతుగా లాగి పరిచినా నడుస్తుంది. విదేశాల్లో ఇండోర్ పోటీలు తివాచీల మీద జరగడం మామూలే. చక్రాలకు పట్టు బాగుంటుంది. ముడతలు లేకుండా చూసుకోవాలి. దుమ్ము పడితే పట్టు పోతుంది కాబట్టి ఆటకు ముందు ఓసారి ఊడవాల్సిందే. ఆ పని ఆడేవాళ్లదే, అమ్మది కాదు!

అంచులకు పాత నీళ్ల పైపు బాగా పనికొస్తుంది. వంచితే వంగుతుంది, కారు తగిలినా దెబ్బ తగలనివ్వదు. తిన్నటి దారికి కరెంటు వైరింగు పైపులు వేసుకోవచ్చు. ఇవన్నీ ట్రూప్‌బజార్‌లో దొరుకుతాయి. బ్యాటరీలు, వైర్లు, టంకం సామానుకు కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. గట్టి మలుపుల దగ్గర పాత హవాయి చెప్పులు కోసి ఆనిస్తే మెత్తటి అడ్డుగోడ తయార్. గోడకు మేకు కొట్టకూడదు, నేలకు సిమెంటు అంటించకూడదు. రెండువైపులా అంటుకునే టేపుతోనే పని కానిచ్చేయాలి.

మిద్దె మీద వేసుకుంటే పోలా అనిపించవచ్చు. పిట్టగోడ ఎత్తుగా లేకపోతే ఆ ఆలోచనే మానుకోవాలి. కళ్లు కారుమీద ఉంటే కాళ్లు ఎటు పోతున్నాయో తెలియదు. పైగా ఎండాకాలంలో మిద్దె పెనంలా కాలుతుంది. సంక్రాంతి రోజుల్లో పతంగులవాళ్లు ఎలాగూ చోటివ్వరు!

చబూత్రా మీద డ్రైవర్లు

పెద్ద ట్రాకుల దగ్గర డ్రైవర్లు నిలబడటానికి ఎత్తయిన వేదిక కడతారు. ట్రాక్ మొత్తం ఒకేసారి కళ్లబడాలి కాబట్టి. పాతబస్తీ వాకిట్లో ఆ ఖర్చు లేదు. దాలాన్ ముందు చబూత్రా, అదే అరుగు, ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. అది లేకపోతే మేడమెట్లు. ట్రాక్‌లో ఏ మూలా స్తంభం చాటుకు పోకుండా ప్లాను వేసేటప్పుడే చూసుకోవాలి.

కొత్తవాళ్లకు వచ్చే పెద్ద తికమక ఒకటుంది. కారు మనకు దూరంగా వెళ్తున్నప్పుడు కుడి అంటే కుడే. మనవైపు తిరిగొస్తుంటే మాత్రం దాని కుడి మనకు ఎడమవుతుంది. సగం గుద్దుళ్లు అక్కడే. తానే ఆ కారులో కూర్చున్నట్టు ఊహించుకోవడమే దీనికి మందు. పెద్దవాళ్లకన్నా పదేళ్ల పిల్లలకే ఇది తొందరగా అబ్బుతుంది.

రిమోట్లతో వెనకటికి ఇంకో చిక్కుండేది. 27 మెగాహెర్ట్జ్ బొమ్మ కార్లు రెండు పక్కపక్కన పెడితే, ఒకరి రిమోట్‌కు ఇద్దరి కార్లూ కదిలేవి. ఇప్పటి కార్లలో వాడే 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతిలో ప్రతి రిమోటూ తన కారును మాత్రమే గుర్తుపడుతుంది. మన దేశంలో ఆ తరంగాలను తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లో వచ్చింది. కాబట్టి నలుగురు పిల్లలు నాలుగు కార్లతో ఒకేసారి దిగొచ్చు.

బ్యాటరీల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాల్సిందే. కొన్ని కార్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలు పూర్తిగా నిండితే ఒక్కో సెల్‌కు 4.2 వోల్టులు. 3 వోల్టులకన్నా కిందికి దిగనివ్వకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయకూడదు. ఛార్జింగ్ పెట్టి బజారుకు వెళ్లిపోవద్దు. పరుపు మీదో, సత్రంజీ మీదో పెట్టొద్దు. బండమీద పెట్టి కళ్లముందు ఉంచుకోవాలి. చిన్నపిల్లలకైతే మామూలు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్‌తో నడిచే కారే నయం.

వాకిలి ఎవరిది?

ఇంతా చేస్తే అసలు పరీక్ష ఇక్కడుంది. వాకిలి పిల్లలదొక్కటే కాదు. దాదీమా వజూ చేసుకోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాలి. చాచీ బట్టలు ఆరేయాలి. అబ్బాజాన్ మోటార్‌సైకిల్ లోపలికి రావాలి. వీళ్లలో ఏ ఒక్కరు నక్కో అన్నా ట్రాక్ లేనట్టే. అందుకే ప్లాను కాగితమ్మీద మలుపులతోపాటు వేళలూ రాసుకోవాలి. అసర్ నమాజు తర్వాత మొదలు, మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి బంద్. ఈ ఒప్పందం ఒక్కసారి తప్పితే చాలు, మర్నాడు పైపులు మూలకు చేరతాయి.

ఇంట్లో ఆరుగురు పిల్లలుండి కార్లు రెండే ఉంటే? అదీ ముందే తేల్చుకోవాలి. కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు 40 మీటర్ల చుట్టుకు 15 సెకన్లు చాలు. ఒక్కొక్కరికి అయిదు చుట్లు ఇచ్చినా నిమిషంన్నరలో వంతు మారిపోతుంది. మిగతావాళ్లు ఊరికే కూర్చోరు. ఒకరు చుట్లు లెక్కపెట్టాలి. ఒకరు సెల్‌ఫోన్‌లో సమయం చూడాలి. ఇద్దరు పల్టీకొట్టిన కార్లను తిరగేసి పెట్టాలి. పెద్ద పోటీల్లో వీళ్లని మార్షల్స్ అంటారు. అంతర్జాతీయ పోటీల్లో కూడా తన రేసు అయిపోయిన డ్రైవరే తర్వాతి రేసుకు మార్షల్‌గా నిలబడటం రివాజు. ‘నాదైపోయింది, నేను పోతా’ అంటే కుదరదు. అన్నదమ్ముల పిల్లలు, అద్దెకున్నవాళ్ల పిల్లలు, పక్కింటి తెలుగు పిల్లలు కలిసి ఆడేచోట ఇంతకన్నా మంచి నియమం ఏముంటుంది!

ఆడపిల్లలకు ఈ ఆట ఇంకా అవసరం. గల్లీ క్రికెట్‌లో వాళ్లకు చోటు దొరకడం కష్టం. కాస్త ఎదిగితే గుమ్మం దాటి ఆడటమే తగ్గిపోతుంది. ఈ ట్రాక్ గుమ్మం లోపలే ఉంది. రిమోట్ పట్టుకోవడానికి బలంతో పనిలేదు, కావాల్సింది నిదానం. వంతుల చీటీలో అన్న పేరు పక్కనే చెల్లెలి పేరూ రాయాలి.

మొఘల్‌పురాకు దగ్గర్లోనే దాయిరా మీర్ మోమిన్ ఉంది. 1591లో చార్మినార్‌ను నడుమ పెట్టి, నాలుగు దిక్కులా నాలుగు దారులు తీసిన హైదరాబాద్ నగర ప్లానులో ముఖ్యుడిగా చరిత్ర చెప్పే మీర్ మోమిన్ సమాధి అక్కడే. ఎక్కడ కట్టాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఖాళీ వదలాలో కూడా అంతే ముఖ్యమని ఆ కూడలిలో నిలబడితే తెలుస్తుంది. ఇంటికీ అంతే. వాకిట్లో ఇంకో గది వేద్దామన్న మాట ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అవసరాలు అలాంటివి మరి. ఆ మాటొచ్చిన రోజు, ఖాళీ జాగా ఊరికే పడి ఉందని అనుకుంటే గది లేస్తుంది. సాయంత్రమైతే పదిమంది పిల్లలు అక్కడ చేరతారని తెలిస్తే, పెద్దవాళ్లు ఇంకోసారి ఆలోచిస్తారు.

మగ్రిబ్ అజాన్ వినిపించగానే పైపులు చుట్టలు చుట్టి గోడవారన పెట్టొచ్చు. పలకలు విడదీసి తఖ్త్ కిందికి తోసేయొచ్చు. కార్లు బీరువా మీదికి కాకుండా అందేచోటే పెట్టుకోవాలి. రేపు సాయంత్రం మళ్లీ వాటితో పనుంది!